641 దగ్గరికి చేత్తో ఎలా చేరారు?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి 4,29,49,67,297 పిచ్చి పట్టుకుంది. 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడట, 1732లో ఇంకో గణితవేత్త ఆయిలర్ 641 × 67,00,417 అని తేల్చేశాడు.

మేమూ పాత కరెంటు బిల్లు వెనక 3, 7, 11 అంటూ భాగించుకుంటూ 97 దాకా వచ్చి చేతులెత్తేశాం. తీరా చూస్తే, 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు చూస్తే చాలట: 193, 257, 449, 577, ఐదోదే 641!

ఆ 64 ఎక్కణ్ణుంచి వచ్చింది? మాడ్యులో (భాగిస్తే మిగిలే శేషాల లెక్క) అనగానే పిల్ల మొహం ముడుచుకుంటోంది (నాకూ అంతంతే). తొమ్మిదో తరగతి లెక్కలతో ఎవరైనా చెప్పగలరా? 67,00,417 కూడా ప్రధాన సంఖ్యేనని కాగితం మీద తేల్చాలంటే 2,588 దాకా అన్నీ చూడాలా, లేక అక్కడా ఇదే కిటుకు పనిచేస్తుందా?