వేటకెళ్ళి "వేట" తెచ్చాడా, "వేటే" తెచ్చాడా?

బెంగళూరు మల్లేశ్వరం నుంచి: ఎప్పుడో పాత వారపత్రికలో చదివిన వేట వ్యాసం ఒకటి, పేరు గుర్తు లేదు. తుపాకీతో ఊరంతా తిరిగి చెప్పి మరీ అడవికెళ్ళిన పెద్దమనిషి, చీకటి పడ్డాక సంతలో గొర్రె తొడ కొని, దానికి నాలుగు ఎండుటాకులు అంటించి, జింక తొడ అంటూ ఇంటికొస్తాడు. భార్య వాసన చూసి "వేటకెళ్ళి వేట తెచ్చారన్నమాట" అంటుంది. లేదా "వేటే తెచ్చారన్నమాట" అంటుంది. ఆ ఏత్వం ఉందా, లేదా? ఉంటే ఎత్తిపొడుపు, లేకపోతే జాలి. వ్యాసం రంగంతా అక్కడే మారిపోతుంది.

చెన్నై పెరంబూరు నుంచి: ఏత్వం తర్వాత చూద్దాం. మొదటిది వేఁట, మృగయ. రెండోది అరసున్న లేని వేట, అంటే గొర్రె. మా గోదావరి వైపు వేటమాంసం అంటే మటనే, అడవితో పనే లేదు. అరసున్నలతో అచ్చు వేసి ఉంటే చమత్కారం కంటికి ముందే దొరికిపోయేది.

అడయారు నుంచి: మాస్టారూ, ఆవిడ మాట్లాడింది నోటితో. అరసున్న ఎవరు పలుకుతారు? తమిళంలో వేట్టై, సున్న జాడే లేదు. ఇది పండితులు తగిలించిందేమో.

బసవనగుడి నుంచి: కాదండీ. పాత కన్నడంలో బేంటె, నిండు సున్నతో. ఇప్పటి బేటె దాని తర్వాతిది. మన అరసున్న ఆ సున్న మిగులే. కన్నడం అన్నాను కాబట్టి ఒక మాట: రచయిత పూర్ణచంద్ర తేజస్వి మూడిగెరె దగ్గర తోటలో ఉంటూ చేపల గాలం మీద రాసినవి చదవండి. ఆయన దాన్ని మీను శికారి, అంటే చేపల వేట, అంటాడు. చేప పడకపోయినా పేజీలకు పేజీలు నవ్విస్తాడు, నవ్విస్తూనే నీళ్ళనీ చెట్లనీ చూడటం నేర్పుతాడు. తెలుగులో అలాంటి పుస్తకం ఒక్కటి చూపించండి.

పెరంబూరు నుంచి: శికారి అరువు మాట. మనకి చేపలు పట్టడమూ వేటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం అని పేపర్లో చదివి పులుల గురించి అనుకునేవాళ్ళెవరూ లేరు. అడవి వేటకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో తలుపులు మూసుకోవడం మొదలైంది, అందుకే ఆ వ్యాసాలన్నీ జ్ఞాపకాల్లోకి జారుకున్నాయి. గాలం వ్యాసం ఇవాళ కూడా రాయొచ్చు.

అడయారు నుంచి: పుస్తకం కావాలంటే ధూర్జటి ఉన్నాడు కదా! తిన్నడు మాంసం కాల్చి, ఒక్కో ముక్కా కొరికి రుచి చూసి, బాగున్నదే శివుడికి పెడతాడు. పుక్కిట నీళ్ళతో అభిషేకం. వేటగాడి మీద ఇంత ప్రేమగా రాసినవాడు నాకు ఇంకొకరు కనబడలేదు. ఆయన కాళహస్తీశ్వర శతకంలో "చెంచే మంత్ర మూహించె" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

మల్లేశ్వరం నుంచి: ఆగండి, అదీ ఏత్వమే కదా!

బసవనగుడి నుంచి: కాదు కాదు, చెంచు ఏ మంత్రం ఊహించాడు అని ప్రశ్న. అదే పద్యంలో "భుజగంబే శాస్త్రముల్" కూడా అంతే, పాము ఏ శాస్త్రాలు చూసింది అని. వీటిలో అవధారణ, అంటే నొక్కి చెప్పడం, ఎక్కడిది?

అడయారు నుంచి: ప్రశ్నేనండీ, ఒప్పుకుంటాను. కానీ పాడేటప్పుడు "చెంచే" దగ్గర విరిచి చూడండి, చెంచువాడే అన్నట్టు వినబడుతుంది. ధూర్జటికి ఆ రెండో చెవి లేదంటారా?

పెరంబూరు నుంచి: ఆ పద్యం శార్దూలం. యతి పదమూడో అక్షరం, అంటే "చే" మీదే పడుతుంది; విరిస్తే దానికి ముందు విరవాలి, తర్వాత కాదు. గణాలు రాసి పెడతాను, రాత్రికి చూడండి.