హైదరాబాద్ నుంచి గోకర్ణం: అమ్మానాన్నలతో వెళ్లవచ్చా?

ఉప్పల్ బాటసారి:
డిసెంబరులో నాలుగు రోజుల సెలవు దొరికింది. నేను, తమ్ముడు బీచ్‌ల కోసం వెళ్దామంటే, మహాబలేశ్వరుడి దర్శనం లేకుండా రానని నాన్న పట్టుబట్టారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లను తీసుకెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

కూకట్‌పల్లి కోడలు:
మేము అత్తమామలతో వెళ్లాం. రాత్రి రైల్లో హుబ్బళ్లి, పొద్దున అక్కడి నుంచి కారు. యల్లాపూర్ దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. హుబ్బళ్లిలో మేం వద్దన్నా వినకుండా మామయ్యగారు పూరీలు తిన్నారు. అంకోలా వచ్చేదాకా కళ్లు తెరిస్తే ఒట్టు! మా అత్తయ్యది కాకినాడ. సముద్రంలోంచి సూర్యుడు వస్తాడని అయిదింటికే లేచి ఇసుకలో కూర్చున్నారు. తీరా చూస్తే ఆయన వెనక కొండల మీదుగా వచ్చాడు. అది పడమటి తీరమని మాకెవరికీ తట్టలేదు. సాయంత్రం మాత్రం ఆవిడను అక్కడి నుంచి కదపలేకపోయాం.

పంచెకట్టు:
గుళ్లో మీ నాన్నగారికి ఇబ్బంది ఉండదు, మీ అన్నదమ్ములకే ఉంటుంది. మగవాళ్లు పంచె కట్టాలి, చొక్కా విప్పాలి. నేను నిక్కరుతో వెళ్లి, గుడి వీధిలో పంచె కొని, కొట్టు పెద్దాయనతోనే కట్టించుకున్నాను. రావణుడు ఆత్మలింగాన్ని పెకలించబోతే అది మెలితిరిగి ఆవు చెవిలా అయిందని స్థలపురాణం. ఆ కథ నాన్నగారినే చెప్పనివ్వండి. శివరాత్రికి మాత్రం వెళ్లకండి, జనంలో నలిగిపోతారు.

సముద్రప్పిచ్చి:
మూడుసార్లు వెళ్లాను. అమ్మగారికి గుడికి దగ్గర్లోని పెద్ద బీచే మేలు, చదునుగా ఉంటుంది. కుడ్లే, ఓం బీచ్‌లకు మెట్లు దిగాలి. ఓం ఆకారం కిందికి దిగితే తెలియదు, పైనుంచే చూడండి. అక్కడి నుంచి హాఫ్ మూన్, ప్యారడైజ్ బీచ్‌లకు కాలిబాటే గతి, లేదంటే పడవ. వానాకాలంలో పడవలు నడవవు. ఆ బాటలో ఎర్రరాతి మీద ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి. హవాయి చెప్పులతో బయలుదేరాను. సగం దారిలో పట్టీ ఊడింది. జేబురుమాలు చుట్టుకుని కుంటుతూ హాఫ్ మూన్ చేరి, గ్లాసుడు కోకం షర్బత్ తాగాక గానీ కోపం దిగలేదు. బూట్లు వేసుకోండి.

మలక్‌పేట మనిషి:
నాకు నచ్చలేదు. గోవాలా ఉంటుందనుకుని వెళ్లాను. రాత్రి కాస్త పొద్దుపోయేసరికి ఊరంతా నిద్ర. అద్దెకిచ్చిన గుడిసెలో ఫ్యాను లేదు, దోమలు మాత్రం ఉన్నాయి.

సముద్రప్పిచ్చి:
అలా పెందలాడే నిద్రపోతుందనే నేను వెళ్తాను. గుడిసె సంగతిలో మీతో ఏకీభవిస్తాను. గది చూడకుండా డబ్బు కట్టకూడదు.

ఉప్పల్ బాటసారి:
అందరికీ ధన్యవాదాలు. అమ్మకు గుడి, పెద్ద బీచ్. మేమిద్దరం ఒక పూట కొండ దాటివస్తాం. నాన్న అప్పుడే మూడు పంచెలు ఇస్త్రీకి ఇచ్చారు. తమ్ముడు అద్దం ముందు నిలబడి కుచ్చిళ్లతో కుస్తీ పడుతున్నాడు.