కెమెరా ముందర కలిసిన అక్కచెల్లెళ్లు నిజంగా కలిసినట్టేనా?

పెన్నాగట్టు (కడప):
గాయని టోనీ బ్రాక్స్‌టన్, ఆమె నలుగురు చెల్లెళ్లు, అమ్మ ఎవెలిన్ కలిసి 2011లో అమెరికాలో వీ టీవీలో ఒక రియాలిటీ షో మొదలుపెట్టినారు. ఏండ్ల తరబడి అరుపులు, అలకలు. 2022 మార్చిలో ఆ చెల్లెళ్లలో ఒకామె ట్రేసీ క్యాన్సర్‌తో పోయింది. మిగిలిన నలుగురూ అమ్మతో 2024లో 'ది బ్రాక్స్‌టన్స్' అని మళ్లీ వచ్చినారు, ఈసారి కలిసిపోవడానికంట. ఇంటి గొడవ తీర్చుకోను టీవీ కావల్నా? నాకైతే వద్దనే అనిపిస్తాది.

కారందోశ (కడప):
కలిసిపోతే షో యాడుంటాది సామీ? చిన్న చెల్లెలు టామర్ 2020లో ఆ ఛానల్‌తో తెంచుకుంది, రియాలిటీ టీవీ తనను నలగ్గొట్టిందని బయటికే చెప్పింది. మళ్లీ అదే ఛానల్‌కు వచ్చింది. దుడ్లు!

శెనక్కాయచేను (అనంతపురం):
మా అన్నకూ నాకూ ఆరేండ్లు మాటల్లేవు. మూడెకరాల చేను కాడ వచ్చింది. ఆడబిడ్డకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో. మా అన్న చెవికి మాత్రం ఇంకా చేరలేదు. పెద్దమనుషుల్ని కూర్చోబెడితే ఇంకా చెడింది. పదిమంది చూస్తాంటే ఎవురు తగ్గుతారప్పా? నేనూ తగ్గలేదులే.

పోయినేడు అమ్మ ఆస్పత్రిలో పడింది. రెండో రోజు పొద్దున అన్న ఉగ్గాని, బజ్జీ పొట్లం తెచ్చి బెంచీ మీద నా పక్కన పెట్టినాడు. విప్పితే బజ్జీలన్నీ చీల్చుండాయి, లోపల మిరపకాయల్లేవు. నాకు కారం పడదని చిన్నప్పటి నుంచీ ఎరుక. ఒక్క మాటా మాట్లాడలేదు, కిటికీ దిక్కు చూస్తా నిలబడినాడు. కెమెరా ఉండుంటే మాకిద్దరికీ ఏడ్చేదానికి మైకులు తగిలిచ్చేవాళ్లు.

తుంగభద్ర (కర్నూలు):
అక్కా, మీ అమ్మ పడింది కాబట్టి కలిసినారు. పడకపోయుంటే? మా నాయన, మా చిన్నాయన పదడుగుల సందులో ఎదురెదురు ఇండ్లల్లో ఉండి, మాట్లాడుకోకుండానే ఒకరెనక ఒకరు పోయినారు. నడుమ ఉండే వేపచెట్టు మీద తగువు. చెట్టు ఇంకా ఉండాది. ఎవురన్నా ఇద్దర్నీ ఈడ్చుకొచ్చి ఒక గదిలో కూర్చోబెట్టుంటే, దుడ్లకైనా, టీవీకైనా, నేను కాదనుండేవాణ్ణి కాదు.

కారందోశ (కడప):
కూర్చోబెట్టొచ్చన్నా. గంటలకొద్దీ తీసి, మొగం తిప్పుకున్న క్షణమే చూపిస్తే? అది మళ్లీ మళ్లీ చూసుకుంటే పుండు మానుతాదా? మన దేవుని కడపలో ఉగాదికి ముస్లింలు గుడికొస్తారు, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఎంకన్న మా అల్లుడు అని. ఆ చుట్టరికం ఏ ఛానలోడు కలిపినాడు?

తుంగభద్ర (కర్నూలు):
దేవుళ్లకు వేపచెట్టు తగువులుండవులే.

శెనక్కాయచేను (అనంతపురం):
తమ్ముడూ, నువ్వన్నదీ నిజమే. అమ్మ పడకపోయుంటే నేను ఆ గడప తొక్కేదాన్ని కాదు. కానీ చేను ఇంకా రాలేదు. బజ్జీలతో సరిపెట్టినాడు మా అన్న.