రఫా మీదికి ఇంకా ఎందుకు దిగలేదు? మన దగ్గర ఇంత ఆవేశం దేనికి?

కాలువగట్టు_పాలకొల్లు (3 మే 2024)

ఒక పక్క దాళ్వా మాసూళ్ళు, ఒక పక్క 13న పోలింగ్, ఎండ సంగతి సరేసరి. అయినా మా సెంటర్లో టీ కొట్టు దగ్గర ఈ మధ్య గొడవంతా రఫా మీదే, అదే గాజాకి దక్షిణాన ఈజిప్టు బోర్డర్ పక్కనున్న ఊరు. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఫిబ్రవరి నుంచి దిగుతాం దిగుతాం అంటున్నాడు. రంజాన్ లోపు హమాస్ తన దగ్గరున్న బందీల్ని వదలకపోతే రఫాలోకి వెళ్తామని వాళ్ళ మంత్రి గాంట్జ్ చెప్పాడు, రంజాన్ వచ్చింది, వెళ్ళింది. ఏప్రిల్ 8న తేదీ ఖరారైపోయింది అన్నారు. మొన్న 30న ఒప్పందం కుదిరినా కుదరకపోయినా వెళ్ళి తీరతాం అన్నారు. ఇంకోపక్క కైరోలో చర్చలు నడుస్తూనే ఉన్నాయి.

మా దగ్గర సగం మంది "వీళ్ళ వల్ల కాదు, అమెరికా చెవి మెలేసింది" అంటారు. మిగతా సగం "హమాస్ వాళ్ళు చర్చల పేరుతో రోజులు నెట్టుకొస్తున్నారు, అది తెలీక వీళ్ళు ఆగారు" అంటారు. ఆ ఊళ్ళో తలదాచుకున్న 14 లక్షల మంది సంగతి మాత్రం ఏ బల్ల మీదా రావట్లేదు, నేను ఎత్తితే నన్ను అదోలా చూశారు. నిజంగా ఆలస్యం అంటే వెనకడుగేనా? అక్కడి జనం కూడా మనవాళ్ళలాగే ఊగిపోతున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గొడవ ఇక్కడికి తేకండి, అది బయట చాలినంత ఉంది.

రిటైర్డ్_హవల్దార్

తమ్ముడూ, మాది మిలిటరీ మాధవరం పక్క ఊరు. 2001 డిసెంబర్‌లో పార్లమెంట్ మీద దాడి జరిగాక మమ్మల్ని రాజస్థాన్ బోర్డర్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు, ఆపరేషన్ పరాక్రమ్. పది నెలలు అలాగే ఉన్నాం, యుద్ధం రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా బావమరిది మొదటి మాటే "ఇంకా కొట్టలేదేంటి బావా" అని. మేం అక్కడ పొలాల్లో మైన్లు పాతుతున్నాం, తర్వాత వాటిని మేమే తవ్వి తీశాం, యుద్ధం లేకుండానే ఆ మైన్ల పనిలో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. టీవీ చూసేవాడికి అది ఆలస్యం, బోర్డర్లో ఉన్నవాడికి రోజూ డ్యూటీయే.

ఇక రఫా సంగతి. ఏప్రిల్ 7న రఫా పక్క ఊరు ఖాన్ యూనిస్ నుంచి ఒక డివిజన్ మొత్తాన్ని వెనక్కి తీసుకున్నారు, లోపల ఒక్క బ్రిగేడే మిగిలింది. మళ్ళీ దిగాలంటే రిజర్వ్ వాళ్ళని పిలవాలి, అంతమంది జనాన్ని కదిలించి ఎక్కడో పెట్టాలి, పక్కనే ఈజిప్టు బోర్డర్ ఉంది, ఇజ్రాయెల్‌తో చేసుకున్న 1979 శాంతి ఒప్పందం దెబ్బతింటుందని ఈజిప్టు ఉడుకుతోంది. ఇవేవీ పిరికితనం కిందకి రావు. పైగా దాడి చేస్తాం అన్న బెదిరింపు చేయనంతకాలమే చర్చల్లో పనికొస్తుంది. చేసేశాక ఇంక బెదిరించడానికి ఏముంటుంది?

అంబాజీపేట_అక్క

నాకు తెలిసింది చెప్తానండి. మా చెల్లి ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ పక్కన రమత్ గాన్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పనిలో ఉంది. శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో అందరూ భోజనానికి కలుస్తారట. కొడుకు రిజర్వ్ డ్యూటీ చేసి వచ్చాడు. రఫాలో హమాస్ బెటాలియన్లు నాలుగు మిగిలి ఉండగా ఆపేస్తే ఇంతమంది చచ్చింది దేనికి అని అతని వాదన. కూతురు కారు అద్దానికి పసుపు రిబ్బను కట్టుకుని ప్రతి శనివారం టెల్ అవీవ్‌లో బందీల కోసం జరిగే సభకి వెళ్తుంది. ఇంకా 130 మంది దాకా లోపల ఉన్నారు కదా, వాళ్ళలో ఎంతమంది బతికున్నారో కూడా తెలీదు. డిసెంబర్‌లో ముగ్గురు బందీలని వాళ్ళ సైనికులే పొరపాటున కాల్చేశారు, ఆ అమ్మాయి ప్రతిసారీ అదే ఎత్తుతుందట. నవంబర్‌లో వారం రోజులు కాల్పులు ఆపితే వందమందికి పైగా ఇంటికొచ్చారు, ఇన్ని నెలల దాడుల్లో సైన్యం విడిపించింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు అంటుంది. ఇద్దరి గొంతులూ పెరిగేసరికి పెద్దావిడ రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ ఇంకా పెంచేస్తుందట!

కాబట్టి అక్కడ అందరూ ఒకటే మాట మీద ఉన్నారనుకోకండి. బెన్ గ్విర్, స్మోట్రిచ్ లాంటి మంత్రులేమో రఫా మానేస్తే ప్రభుత్వంలో ఉండం అని కూర్చున్నారు. మా చెల్లికి సైరన్ మోగితే ఆవిడని వీల్‌చైర్‌తో సహా గట్టి గదిలోకి తీసుకెళ్ళడం ఒక్కటే పని. వచ్చేయవే అంటే ఏజెంటు అప్పు తీరలేదు అంటుంది. అది ఇంకో కథ.

రాజోలు_టు_కువైట్

నా పక్క రూములో గాజా మనిషి ఉంటాడు, అకౌంట్స్ చూస్తాడు. వాళ్ళవాళ్ళు గాజా సిటీ నుంచి ఖాన్ యూనిస్, అక్కడి నుంచి రఫా, ఇప్పుడు డేరాలో. నెట్ దొరికినప్పుడు ఒక్క మెసేజ్, అదీ "ఉన్నాం" అని. వాయిదా పడిందన్న వార్త వస్తే సంతోషిస్తాడేమో అనుకున్నాను. లేదు. డేరా పీకాలా ఉంచాలా, ఎటు పోవాలి అన్నది వాళ్ళకి తేలట్లేదు, పోదామన్నా ట్రక్కుకి డబ్బుల్లేవు. మన టీ కొట్టు బ్యాచ్‌కి ఇది చెప్పండి.

చెరువు_భీమవరం

నా గొడవ వేరు, తిట్టుకోకండి, మాది రొయ్యల చెరువు. నవంబర్ నుంచి యెమెన్ హూతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద పడుతున్నారు, గాజాలో యుద్ధం ఆగేదాకా ఆపం అంటున్నారు. కంటైనర్ ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి, యూరప్ సరుకుకి ఎంత లేదన్నా పది రోజులు ఎక్కువ. కిరాయి పెరిగింది, బీమా పెరిగింది అని ప్లాంటు వాళ్ళు చెప్తారు. ఆ పెరిగిందంతా ఎక్కడ కోస్తారు? పట్టుబడి రోజు మా గట్టు మీద, కౌంట్ రేటులో. మేత బస్తా రేటు మాత్రం ఒక్క రూపాయి దిగదు. (అందులో నిజం ఖర్చెంత, సాకెంత అన్నది వేరే పంచాయితీ.) అందుకే అంటున్నా, కొడితే కొట్టండి లేకపోతే సంతకం పెట్టండి, ఏదో ఒకటి తేల్చండి. ఈ సాగదీత మమ్మల్ని చంపుతోంది.

రిటైర్డ్_హవల్దార్

బాబూ, కొడితే తేలిపోతుందని ఎవరు చెప్పారు మీకు? ఖాన్ యూనిస్‌లో నాలుగు నెలలు కొట్టారు, తేలిందా? రఫాలో దిగిన రోజు హూతీలు ఇంకా రెచ్చిపోతారు తప్ప ఆగరు. మీ రొయ్యకి కావలసింది కైరోలో సంతకం, దాడి కాదు.

కాలువగట్టు_పాలకొల్లు (7 మే 2024)

పైన రాసినవాళ్ళందరికీ థాంక్స్, కానీ కథ మారిపోయింది. ఆదివారం హమాస్ రాకెట్లకి గాజాలోకి సరుకు వెళ్ళే కెరెమ్ షాలోం గేటు దగ్గర నలుగురు సైనికులు చనిపోయారు. సోమవారం పొద్దున్న తూర్పు రఫాలో లక్షమందిని ఖాళీ చేయమని కరపత్రాలు వేశారు. రాత్రికి హమాస్ ఒప్పందానికి సరే అంది, జనం వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు, మా కొట్టు దగ్గర కూడా "అయిపోయింది" అన్నారు. మా షరతులకి అది చాలా దూరం అని ఇజ్రాయెల్ చెప్పింది. తెల్లారేసరికి ట్యాంకులు ఈజిప్టు వైపున్న రఫా క్రాసింగ్ మీద ఉన్నాయి. ఇప్పుడు మావాళ్ళు ఇన్నాళ్ళూ ఆగింది ప్లాను ప్రకారమే అంటున్నారు, మొన్న పిరికివాళ్ళు అన్న నోటితోనే. ఇంతకీ దీన్ని దాడి అనాలా, చర్చల్లో ఒత్తిడి అనాలా?

రిటైర్డ్_హవల్దార్

రెండూ. క్రాసింగ్ పట్టుకోవడం వేరు, ఊళ్ళోకి దిగడం వేరు. కైరోకి మనుషుల్ని పంపుతామని కూడా నిన్న రాత్రే చెప్పారు చూడు. కెరెమ్ షాలోం ఆదివారం నుంచి మూసే ఉంది, ఇప్పుడు రఫా గేటూ మూతపడింది. దక్షిణం నుంచి పిండి, డీజిల్ లారీలు వెళ్ళే దారి లేదు. ఈ వారం టీవీలో ట్యాంకుల్ని కాదు, ఆ రెండు గేట్లు ఎప్పుడు తెరుస్తారో చూడండి.

అంబాజీపేట_అక్క

నిన్న రాత్రి టెల్ అవీవ్‌లో బందీల కుటుంబాలు ఒప్పందం చేసుకోండని మళ్ళీ రోడ్డెక్కాయట. ఆ ఇంటి కూతురు కూడా వెళ్ళిందట, కొడుకేమో ఫోన్ ఎత్తట్లేదట. చెల్లి బాగానే ఉందండి, అడిగినవాళ్ళకి చెప్తున్నా.