కుర్చీ కాళ్లు చిత్రిక పడతారా?

"ముసలాయన కుర్చీ కాళ్లు చిత్రిక పట్టాడు" అనే అనువాదం సరైనదేనా అని అడిగారు కదా. ఆ ముసలాయన కుర్చీలు చేసే ఫిలిప్ క్లిసెట్ అయితే కుదరదు. ఆయనది ఇంగ్లండులో హియర్‌ఫర్డ్‌షైర్, బాస్‌బరీ ఊరు. పుట్టింది 1817లో. 1890లో ఎర్నెస్ట్ గిమ్సన్ అనే కుర్ర ఆర్కిటెక్టు పని నేర్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్లాడు.

చిత్రిక అంటే చెక్కని నునుపు చేసే వడ్రంగి పనిముట్టు, అది చదునైన చెక్కకి. వ్యాసాల్లో "జీవితాన్ని చిత్రిక పట్టారు" అని రాసి రాసి అదేదో బొమ్మ గీయడం అనుకునేవాళ్లు తయారయ్యారు! క్లిసెట్ కుర్చీల కాళ్లు గుండ్రటివి, వాటిని తరిమెన పట్టాలి, అంటే కర్రని తిప్పుతూ ఉలితో చెక్కే సాధనం మీద పెట్టాలి. అది కరెంటు తరిమెన కాదు. పైన వంగే గడ కట్టి, దాని తాడును కర్రకి చుట్టి, కింద తొక్కుడు పలకకి కడతారు. తొక్కితే కర్ర మనవైపు తిరుగుతుంది, అప్పుడే ఉలి ఆనించాలి. కాలు తీస్తే గడ తాడును పైకి లాగేస్తుంది, కర్ర వెనక్కి తిరుగుతుంది, ఉలి కాస్త జరపాలి. అంటే పనిలో సగం తిరుగుడు ఉత్తదే.

కర్ర కూడా పచ్చిది, ఎక్కువగా యాష్ అనే చెట్టుది. రంపంతో కోయకుండా నారవెంట చీలుస్తారు. అడ్డకర్రలు ముందే ఆరబెట్టి, వాటి కుసుల్ని, అంటే బెజ్జంలో దూర్చే కొసల్ని, ఇంకా తడి ఉన్న కాళ్ల బెజ్జాల్లోకి దిగగొడతారు. కాలు ఆరేకొద్దీ బెజ్జం కుసిని పట్టేస్తుంది. అందుకే "బిగించాడు" కన్నా "దిగగొట్టాడు" నయం.

చిత్రిక మాట వాడాలని అంత మనసుంటే సిడ్నీ బార్న్‌స్లీ దగ్గర వాడండి. 1893లో గిమ్సన్‌తోపాటు లండన్ వదిలి కాట్స్‌వోల్డ్స్ పల్లెలకి చేరినవాడు. ఓక్ బల్లలు, బీరువాలు తన చేత్తోనే చేసేవాడు. గిమ్సన్ మాత్రం తర్వాత తర్వాత గీసి ఇచ్చేవాడు, చేయించింది పీటర్ వాల్స్ అనే డచ్చి మేస్త్రి. కాబట్టి గిమ్సన్ బీరువాల దగ్గర "చేశాడు" అనకుండా "చేయించాడు" అనండి.

తరిమెన ఈతరానికి తెలియదంటారా? ఏటికొప్పాక బొమ్మలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం మొదటిసారి "తరిమెన మీద గుండ్రంగా తిప్పి" అని రాస్తే చాలు, బ్రాకెట్లు వద్దు.

ఇంకోటి, క్లిసెట్ కుర్చీల కూర్చునే భాగం అల్లికకి "జమ్ము" అని పెట్టారు. ఆ మొక్క తుంగ జాతిది. "తుంగ అల్లిక" అనండి.