పదిహేనేళ్ళకే చదువా, పనా తేల్చుకోవాలా?

చదువరి:
హైస్కూలు ముగిసేలోపే కొందరిని పై చదువుల వైపు, మరికొందరిని వృత్తి శిక్షణ వైపు వేరు చేయడం సబబేనా? అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక పెడితే పుస్తకాల మీద మనసు నిలవని పిల్లలు విసిగి బడి మానేస్తారన్న వాదనను నేను కొట్టిపారేయను. అయితే జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి కాగానే, అంటే పదేళ్ళకే, పిల్లలు వేర్వేరు తరహా బడులకు విడిపోతారు. ఆ వయసులో బయటపడేది పిల్లల తెలివి కన్నా వాళ్ళ తల్లిదండ్రుల చదువేనని నా అనుమానం. పోలండ్ 1999 సంస్కరణలతో ఈ విభజనను ఒక ఏడాది వాయిదా వేసింది. ఆ తరువాత, వివిధ దేశాల పదిహేనేళ్ళ విద్యార్థుల నైపుణ్యాలను పోల్చే పీసా పరీక్షల్లో, ముఖ్యంగా వెనుకబడిన విద్యార్థుల ఫలితాలు మెరుగుపడ్డాయి.

పనిమంతుడు:
చదువరి గారూ, వయసు విషయంలో మీతో పేచీ లేదు. పని నేర్చుకోవడమంటే చదువు రానివాళ్ళ దారి అన్న చూపుతోనే నా పేచీ. స్విట్జర్లాండ్‌లో నిర్బంధ విద్య ముగించినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది వృత్తి విద్యనే ఎంచుకుంటారు. వారంలో మూడు నాలుగు రోజులు పనిచోట, ఒకటి రెండు రోజులు తరగతిలో గడుపుతూ మూడు నాలుగేళ్ళు నేర్చుకుంటారు.

నా దగ్గర లేత్ పనికి చేరిన కుర్రాడికి దశాంశాలంటే బెదురు. షాఫ్టు వ్యాసం 25 మిల్లీమీటర్లు రావాలని, అటూ ఇటూ 0.02 మించకూడదని చెప్పాను. మొదటి ముక్క 24.9 వచ్చింది. "0.1 తేడాయే కదండీ" అన్నాడు. బేరింగులో పెట్టి చూడమన్నాను. లొడలొడ ఊగింది. 0.1 అంటే 0.02కు అయిదింతలని బడిలో ఎన్నేళ్ళు చెప్పినా ఎక్కనిది ఆ పూట ఎక్కింది.

బడిపంతులు:
చక్కటి ఉదాహరణ. ఆ కుర్రాడు నలభై అయిదేళ్ళవాడైనప్పటి మాట ఏమిటన్నదే నా సందేహం. ఆర్థికవేత్త ఎరిక్ హనుషెక్ బృందం 11 దేశాల సమాచారంతో 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వృత్తి విద్య చదివినవారికి తొలినాళ్ళలో ఉద్యోగం సులువుగా దొరికినా, వయసు పెరిగేకొద్దీ ఆ మొగ్గు తగ్గి సాధారణ విద్య చదివినవారే ముందుంటున్నారు. పనిచోట శిక్షణకు పెద్దపీట వేసే దేశాల్లో ఈ తేడా మరింత స్పష్టం. యంత్రం మారినప్పుడు కొత్తది నేర్చుకోవడానికి అక్కరకొచ్చేది గణితమూ, చదివి అర్థం చేసుకునే శక్తీ కనుక వృత్తి విద్యలో వాటి పాలు తగ్గించకూడదని నా వాదన. (పై చదువుల వైపు వెళ్ళేవారికి పని వాసనే తగలనివ్వకపోవడమూ తప్పే.) ఎప్పుడు వేరు చేయాలన్న దానికన్నా, వేరైనవారు వెనక్కి రాగలరా అన్నదే నాకు పెద్ద ప్రశ్న. స్విస్‌వారు 1990లలో వృత్తి విద్యలో ఉన్నవారికీ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో చేరే అర్హత పరీక్ష పెట్టారు. పనిమంతుడు గారూ, మీ కుర్రాడికి అలాంటి తలుపు ఏదైనా ఉందా?

పనిమంతుడు:
లేదు మాస్టారూ. అతను ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే సీఎన్‌సీ యంత్రానికి మారాలనుకుంటున్నాడు. ప్రోగ్రాములో కోణాలు లెక్కకట్టాలంటే సైన్, కొసైన్ రావాలి. అవి నేర్చుకుందామని డిప్లొమాలో చేరబోతే, నా దగ్గర చేసిన మూడేళ్ళూ లెక్కలోకి రావని, మొదటి సంవత్సరం నుంచే చదవాలని చెప్పి పంపేశారు.