మీడియా సెంటర్ రిమోట్‌కి ఇంకా లిర్క్ కావాలా, కెర్నెల్ ఒక్కటే చాలదా?

గోదారి_పెంగ్విన్
రాస్ప్‌బెర్రీ పై 4, పై ఓఎస్ డెస్క్‌టాప్ (విండోలు, కీబోర్డు చూసుకునే ఎక్స్11 సెషన్), దాని మీద కోడీ అనే మీడియా సెంటర్ యాప్. 18వ జీపీఐఓ పిన్నుకి టీసాప్ రిసీవర్ (రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్‌ని అందుకునేది) కలిపి, దాన్ని కెర్నెల్‌కి (లైనక్స్ మూలభాగం) పరిచయం చేసే జీపీఐఓ-ఐఆర్ ఓవర్‌లే పెట్టాను. ముడి పల్సులు కనిపిస్తున్నాయి, కానీ నొక్కిన కీలను చూపే ఈవీటెస్ట్‌లో ఒక్క బటన్ కూడా రావట్లేదు. పాత గైడ్లన్నీ లిర్క్-ఆర్‌పీఐ మాడ్యూల్ లోడ్ చేయమంటాయి, అది ఇప్పుడు లేదు. లిర్క్ (రిమోట్ సిగ్నల్‌ని అర్థం చేసుకుని యాప్‌లకు అందించే ప్రోగ్రామ్) వేసుకోవాలని కొందరు, అసలు అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

కెర్నెల్_కాపరి
పల్సులు వస్తున్నాయంటే వైరింగ్ బాగానే ఉందండీ, ఆగిపోతున్నది డీకోడింగ్ దగ్గర. ఆ ఓవర్‌లే మీరేమీ చెప్పకపోతే ఆర్‌సీ-6 ఎంసీఈ కీమ్యాప్‌ను (ఏ సిగ్నల్ ఏ బటనో చెప్పే పట్టిక) లోడ్ చేస్తుంది, దాంతో ఆర్‌సీ-6 డీకోడర్ ఒక్కటే ఆన్ అవుతుంది. మీ రిమోట్ ఎన్‌ఈసీ అనే వేరే సంకేత పద్ధతిలో పంపుతుంటే కెర్నెల్ వాటిని పట్టించుకోదు.

ఐఆర్-కీటేబుల్ ప్యాకేజీ వేసుకోండి. ముందు ఆప్షన్లేమీ ఇవ్వకుండా నడిపి మీ రిసీవర్ ఏ ఆర్‌సీ నంబరు (రిమోట్ పరికరాలకు కెర్నెల్ ఇచ్చేది) మీద ఉందో చూడండి. ఆ నంబరును మైనస్ ఎస్‌తో ఇచ్చి, మైనస్ పీతో అన్ని ప్రొటోకాల్స్ ఆన్ చేసి, మైనస్ టీతో టెస్ట్ మోడ్‌లో నడపండి. బటన్ నొక్కగానే ప్రొటోకాల్ పేరు, స్కాన్‌కోడ్ (ఆ బటన్ పంపే సంఖ్య) కనిపిస్తాయి. వాటిని టామ్ల్ (ఒక రకం కాన్ఫిగ్ టెక్స్ట్) ఫైల్‌గా రాసి ఈటీసీ కింద ఆర్‌సీ_కీమ్యాప్స్ ఫోల్డర్‌లో పెట్టి, ఆర్‌సీ_మ్యాప్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో దాని పేరు ఒక వరుసగా చేర్చితే ప్రతి బూట్‌లోనూ అదే లోడ్ అవుతుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: పై 4లో హెచ్‌డీఎంఐ సీఈసీ (టీవీ రిమోట్ ఆదేశాలు కేబుల్ గుండా వచ్చే దారి) కూడా ఆర్‌సీ పరికరంగానే నమోదవుతుంది. ఈ బూట్‌లో ఆర్‌సీ0గా ఉన్న మీ రిసీవర్ వచ్చే బూట్‌లో ఆర్‌సీ2 కావచ్చు. కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో నంబరు కాదు, డ్రైవర్ పేరు (జీపీఐఓ_ఐఆర్_రెసివ్) రాయండి. ఇంతే. లిర్క్ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) పని కెర్నెల్ 2010 నుంచే చేస్తోంది, రెండోది ఎందుకు?

సోల్డర్_సీసం
వాదన సాగనివ్వండి గానీ, రిసీవర్ ఏ నంబరుదో ముందు చెప్పండి. కోఠి గుజరాతీ గల్లీలో టీసాప్ అని అడిగితే 1738 చేతిలో పెట్టినా ఆశ్చర్యం లేదు. దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. 5 వోల్టులిస్తే ఔట్‌పుట్ కూడా 5 దగ్గరే నిలుస్తుంది. పై పిన్నులు 3.3 దాటితే తట్టుకోవు. ఈ రోజు పనిచేసినా ఎల్లకాలం పనిచేస్తుందని నమ్మకం లేదు. 4838 గానీ 38238 గానీ తీసుకోండి, ఇవి 3.3తోనే నడుస్తాయి. కాళ్ల వరుస కూడా వేరు: గుండ్రటి ముఖం మీ వైపు పెట్టుకుంటే 4838లో ఎడమ నుంచి ఔట్‌పుట్, గ్రౌండ్, సప్లై. 1738లో గ్రౌండ్, సప్లై, ఔట్‌పుట్. ఒకదాని స్థానంలో మరొకటి అలాగే గుచ్చితే రిసీవర్ కాలిపోవచ్చు.

సప్లైకి వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టర్, రిసీవర్ కాళ్ల దగ్గరే సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. నొక్కకుండానే చెత్త పల్సులు వస్తుంటే ముందు అనుమానించాల్సింది సప్లైలో నాయిస్‌ని, ఆ తర్వాత ట్యూబ్‌లైట్‌ని.

ఓరుగల్లు_ఎలక్ట్రాన్
కాపరి గారు సగమే చెప్పారు. ప్రశ్న వేసినవారిది ఎక్స్11. అందులో కీకోడ్ 255 దాటదు, పైగా లైనక్స్ కోడ్‌కి 8 కలుస్తుంది. అంటే 247 పైన ఉన్న కీ ఏదీ కోడీ దాకా రాదు. రిమోట్‌లో ముఖ్యమైనవన్నీ అక్కడే ఉన్నాయి: ఓకే 352, ఇన్ఫో 358, ఈపీజీ (ప్రోగ్రామ్ గైడ్) 365, ఎర్ర బటన్ 398, ఛానల్ అప్ 402. ఈవీటెస్ట్‌లో చక్కగా కనిపిస్తాయి, కోడీలో కదలిక ఉండదు. మనిషి రోజంతా కీమ్యాప్ ఫైల్‌లో తప్పు వెతుక్కుంటాడు. లిర్క్ నేరుగా కోడీకి కలిసే సాకెట్ దారికి ఈ హద్దు లేదు.

కెర్నెల్_కాపరి
ఆ హద్దు నిజమే. దానికి డీమన్ ఎందుకండీ? ఓకే బటన్‌కి ఎంటర్ (28) ఇవ్వండి, ఇన్ఫోకి ఐ అక్షరం, కాంటెక్స్ట్ మెనూకి సీ. కోడీ వీటిని పుట్టుకతోనే గుర్తిస్తుంది.

ఓరుగల్లు_ఎలక్ట్రాన్
ఎంటర్ వరకు ఒప్పుకుంటాను. అక్షరాలు మాత్రం వద్దు. కోడీలో సినిమా పేరు వెతికే పెట్టె తెరిచి ఉండగా ఇన్ఫో నొక్కితే ఆ పెట్టెలో ఐ పడుతుంది. కోడీ మూసేస్తే అవే అక్షరాలు డెస్క్‌టాప్‌లో ఏ విండో ముందుంటే అందులో పడతాయి. రిమోట్‌ని కీబోర్డుగా నటింపజేస్తే వచ్చే చిక్కే ఇది, ఇంట్లో పెద్దవాళ్లు వాడే పెట్టెలో ఇలాంటివి మిగల్చకూడదు. పైగా ఒకే బటన్ సినిమా చూస్తున్నప్పుడు ఒక పని, మెనూలో ఇంకో పని చేయాలన్నా, స్క్రిప్ట్ నడపాలన్నా లిర్క్‌లో ఐఆర్‌ఎగ్జెక్ (బటన్ నొక్కితే కమాండ్ నడిపేది), మోడ్‌లు సిద్ధంగా ఉన్నాయి.

హెచ్‌డీఎంఐ_పదమూడు
టీవీ రిమోట్‌తోనే పని అయ్యేవాళ్లకి ఇదంతా ఎందుకు? హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 13వ పిన్ సీఈసీ. టీవీ సెట్టింగుల్లో ఆన్ చేస్తే బాణాలు, ఓకే కోడీకి అందుతాయి.

సోల్డర్_సీసం
టీవీ ఏ బటన్లు పంపాలనుకుంటే అవే అందుతాయి. కొన్ని టీవీలు బ్యాక్ బటన్‌ని, రంగు బటన్లని తమ దగ్గరే ఉంచుకుంటాయి. టీవీ స్థానంలో ప్రొజెక్టర్ ఉంటే ఆ దారి మీద అసలు ఆశ పెట్టుకోవద్దు.

గోదారి_పెంగ్విన్
రిసీవర్ 4838 అండీ. రిమోట్ ఎన్‌ఈసీ అని తేలింది, టామ్ల్ ఫైల్‌తో బటన్లన్నీ ఈవీటెస్ట్‌లో వస్తున్నాయి. ఎలక్ట్రాన్ గారి మాట మీద లిర్క్ కూడా వేశాను. ఇప్పుడు కింది బాణం ఒక్కసారి నొక్కితే మెనూలో రెండు వరుసలు దిగుతోంది.

ఓరుగల్లు_ఎలక్ట్రాన్
లిర్క్ ఆప్షన్స్ ఫైల్‌లో డ్రైవర్ "డిఫాల్ట్" అని, పరికరం లిర్క్0 అని ఉండి ఉంటుంది. అంటే అవే పల్సుల్ని కెర్నెల్ ఒకసారి, లిర్క్ మరోసారి డీకోడ్ చేస్తున్నాయి. కోడీకి ఒకటి కీబోర్డు దారిలో, ఇంకొకటి సాకెట్ దారిలో చేరుతోంది. డ్రైవర్‌ని డెవ్‌ఇన్‌పుట్‌గా మార్చి, పరికరంగా మీ రిసీవర్ ఈవెంట్ ఫైల్ ఇవ్వండి. అప్పుడు డీకోడింగ్ కెర్నెల్‌దే. లిర్క్ ఆ ఇన్‌పుట్‌ని తనొక్కదానికే పట్టుకుని కోడీకి అందిస్తుంది, ఎక్స్‌కి ఏమీ వెళ్లదు. అక్షరాల చిక్కూ, 247 హద్దూ రెండూ పోతాయి. చివరగా కోడీ లిర్క్‌మ్యాప్ ఫైల్‌లో బటన్ పేర్లు సరిచూసుకోండి.

కెర్నెల్_కాపరి
ఎక్స్11 వదలలేనివాళ్లకి ఈ అమరికకి నా అభ్యంతరం లేదు, డీకోడింగ్ రెండుచోట్ల జరగకపోతే చాలు. లిబ్రెఎలెక్‌లో (కోడీ కోసమే ఉన్న లైనక్స్) ఈవెంట్‌లిర్క్‌డీ అనే డీమన్ చేసేదీ దాదాపు ఇదే. అందుకే అక్కడ ఐఆర్-కీటేబుల్‌తో టెస్ట్ చేసేముందు కోడీని, ఈవెంట్‌లిర్క్‌డీని ఆపాలి, లేకపోతే కీలు మీకు కనిపించవు.

మార్చాక కూడా ఒక్క నొక్కుకి రెండు దిగితే అది వేరే సంగతి, రిపీట్ త్వరగా మొదలవుతున్నట్టు. కెర్నెల్‌లో మొదటి ఆలస్యం 500 మిల్లీసెకన్లు, తర్వాతి విరామం 125. ఐఆర్-కీటేబుల్‌లో పెద్ద డీతో ఆలస్యాన్ని 600 చేసి చూడండి, పెద్ద పీ విలువను ముట్టుకోకండి.